నూలులోనే పువ్వు

అందరికీ నమస్కారం.

డిసెంబరు ఆఖరి వారంలో, ఈ చలిలో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. కింద గ్రూప్స్‌కి చదువుకుంటున్న పిల్లలున్నారు, అందుకే మైకు కాస్త తగ్గించమన్నాను.

ఈ ఏడాది నాకు ఏమిచ్చిందో చెప్పమన్నారు. ఈ ఏడాది నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. నాకు దక్కిన మంచి అంతా దాని వెంటే వచ్చింది.

మార్చిలో నా కథ ఒకటి ఆదివారం అనుబంధంలో అచ్చయింది. పోచంపల్లి వైపు ఒక నేతకారుడు కూతురి పెళ్లికి తన చేత్తో చీర నేస్తాడు. తెల్లచీర నేసి, మగ్గం మీది నుంచి దించి, దారంతో ముడులు కట్టి ఎర్రరంగులో ముంచుతాడు. ముడులు విప్పుతుంటే ఒక్కో పువ్వూ బయటపడుతుంది. ఆ పేరా రాసిన రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. చదివినవాళ్లు కూడా ఫోన్ చేసి మరీ దాన్నే మెచ్చుకున్నారు.

మూడో రోజు ఒక పెద్దాయన ఫోన్ చేశారు. చేనేత పనిలోనే తల నెరిసిన మనిషి. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను.

"బిడ్డా, కథ మంచిగున్నది. మా ఇంటామెకు గూడ సదివి వినిపించిన. గని మేం గుడ్డ నేసినంక రంగు వెయ్యం. నూలుకే చిటికి కడ్తం, నూలుకే రంగేస్తం. నేసేటాల్లకు పువ్వు నూలులనే ఉంటది."

నాకు మాట రాలేదు. ఏళ్ల తరబడి పోచంపల్లి చీరలు కట్టుకుని సభలకు వెళ్లిన మనిషిని. కట్టుకున్న చీర ఎట్లా పుట్టిందో ఒక్కసారైనా అడిగి తెలుసుకోలేదు. ఆయన గొంతులో కోపం లేదు, వెక్కిరింపు లేదు. ఉండి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదేమో.

ఇంటికి రమ్మన్నారు, వెళ్లాను. ఆయన చూపించింది మీకూ చెప్పాలి. చట్రానికి బిగించిన నూలు మీద ముందు గీతలు గీస్తారు. రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. అదే చిటికి. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని కట్టి, మళ్లీ ఇంకో రంగులో ముంచుతారు. ఇదంతా అయ్యాకే మగ్గం. నేసేటప్పుడు రంగు పడ్డ పోగులు ఎంత జాగ్రత్తగా కలిపినా వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ఆ పువ్వు అంచు కాస్త చెదిరినట్టుంటుంది. ఇక్కడ చాలామంది ఆ చీరలే కట్టుకుని వచ్చారు, ఒక్కసారి కొంగు చూసుకోండి. ఇన్నేళ్లూ నేను దాన్ని రంగు పాకడం అనుకున్నాను.

ఆ ఇంటి అరుగు మీద ఆసు ఉంది, చిటికి కట్టే ముందు నూలును వరసగా పోసుకునే, మేకులు కొట్టిన అర్ధచంద్రం లాంటి చెక్క. ఆ పెద్దాయన భార్య నా కోసం దాని మీద నూలు పోసి చూపించారు. మధ్యలోని మేకు నుంచి అంచు దాకా, అంచు నుంచి మళ్లీ మధ్యకు, చెయ్యి వెళ్లి వస్తూనే ఉండాలి. ఒక్క చీరకు వేలసార్లు. కాసేపటికే ఆమె ఆగి భుజం పట్టుకున్నారు. తన తల్లి లక్ష్మి ఇదే పనితో పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారని, దానికి ఆమె పేరే పెట్టారని, 2017లో పద్మశ్రీ అందుకున్నారని నాకు తెలుసు. కానీ ఆ పెద్దాయన భార్య భుజం పట్టుకున్నప్పుడు గానీ ఆ యంత్రం విలువ నాకు అర్థం కాలేదు.

తిరిగొచ్చి ఈ లైబ్రరీలోనే కూర్చున్నాను. నా అవస్థ విని, ఇక్కడి ఉద్యోగి ఒకరు అడుగు అరలో వెతికి, దుమ్ము తుడిచి, ఒక పాత పుస్తకం చేతిలో పెట్టారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం రెండో సంపుటం, 1971 నాటిది. మొత్తం చేనేత పదాలే. ఊరూరా మనుషుల్ని అడిగి సేకరించినవి. నేను పుస్తకాల మధ్య ఇన్నేళ్లు తిరుగుతూ కూడా దాన్ని తెరవలేదు. ఆ పెద్దాయనకూ, ఆమెకూ, ఆ పుస్తకం తీసిచ్చిన చేతికీ ఈ ఏడాది నేను రుణపడి ఉన్నాను.

మా డీటీపీ తమ్ముడికి కూడా. నా కథల సంపుటికి పేజీలు కట్టేశాక ఆ కథలో నాలుగు పేజీలు మార్చమంటే విసుక్కోలేదు. టైపు చేస్తూ మధ్యలో ఆపి, "అక్కా, చిటికి అంటే ఏంది?" అని అడిగాడు. చెప్పాను. ఆ రోజు నాకు దక్కిన ఆనందం ఆ పాత పేరాకు వచ్చిన మెప్పులన్నీ కలిపినా రాలేదు.

ఇక కొత్త సంవత్సరం. కింద చదువుకుంటున్న పిల్లలకు నోటిఫికేషన్లు వేళకు రావాలి, ఉద్యోగాలు రావాలి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. అది కొత్త తెలుగు పుస్తకాలై ఈ అరల్లోకి చేరాలి. వాళ్లు పరీక్ష పుస్తకం మూసిన అరగంటలో ఒక కథ అందుకునేంత దగ్గరలో ఉండాలి.

నాకోసం కోరుకునేది ఒకటుంది. ఆ పదకోశం వచ్చి యాభై ఏళ్లు దాటింది. ఆసు యంత్రం అందులో లేదు, ఉండే వీలూ లేదు. ఇంకా ఎన్ని కొత్త మాటలు పుట్టాయో, ఎన్ని పాతవి పోయాయో, వెళ్లి అడిగితే తప్ప తెలియదు. నోట్‌బుక్ ఒకటి కొన్నాను. మొదటి పేజీలో "చిటికి" అని రాశాను, దాని కింద ఆ పెద్దాయన చెప్పిన వాక్యాన్ని ఆయన మాటల్లోనే దించుకున్నాను.

మొన్న ఆ పెద్దాయన భార్యకు ఫోన్ చేసి, వచ్చి నేర్చుకుంటానన్నాను. "ఊకె చూస్తే రాదు బిడ్డా, పక్కన కూసోవాలె. సంక్రాంతి పోయినంక రా, కొత్త చీరకు చిటికి మొదలుపెడ్తం" అన్నారు. కనుమ మర్నాడు పొద్దున్నే ఎల్.బి.నగర్‌లో బస్సెక్కుతాను.