ఒకే ప్రశ్నను రెండుసార్లు అడుగుతున్నామా?

అందరికీ నమస్కారం.

న్యూరోటిసిజం, అంటే దిగులు, ఆందోళన, కోపం వంటి భావాలకు తేలిగ్గా లోనయ్యే స్వభావం, ఎక్కువ ఉన్నవారిలో మానసిక శ్రేయస్సు తక్కువగా ఉంటుందని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. ఆ మాట తప్పు కాదు. కానీ అందులో ఎంత భాగం మనుషుల గురించి, ఎంత భాగం మన ప్రశ్నావళుల గురించి? ఈరోజు నేను మాట్లాడబోయేది దీని గురించే.

ముందు మాటలు తేల్చుకుందాం. న్యూరోసిస్ అనే పేరు 1769లో స్కాట్లాండ్ వైద్యుడు విలియం కల్లెన్ పెట్టింది. నరాల వ్యవస్థలో తేడా వల్ల వస్తాయనుకున్న జబ్బులన్నీ అప్పట్లో ఆ పేరు కిందికే వచ్చేవి. ఫ్రాయిడ్ చేతిలో అది మనసులోని సంఘర్షణకు పేరైంది. 1980లో వచ్చిన డీఎస్ఎం (అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ గ్రంథం) మూడో కూర్పు దాన్ని రోగాల వర్గంగా పక్కన పెట్టింది. న్యూరోటిసిజం సంగతి వేరు. అది రోగం కాదు, మూర్తిమత్వ లక్షణం. రక్తపోటు లాగా అందరిలోనూ ఉంటుంది, ఒకరిలో ఎక్కువ, ఒకరిలో తక్కువ. ఎక్కువ ఉంటే ఆందోళన, కుంగుబాటు వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతే. ఎక్కువ స్కోరు వచ్చినవారిని "రోగులు" అని రాసిన థీసిస్ మొదటి పేజీలోనే దారి తప్పినట్టు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఐసెంక్ పేరుతో 1975లో వచ్చిన మూర్తిమత్వ ప్రశ్నావళిలో న్యూరోటిసిజానికి అవును-కాదు ప్రశ్నలు 23 ఉన్నాయి. కోస్టా, మెక్‌క్రే 1992లో తెచ్చిన 240 ప్రశ్నల మాపనిలో ఇదే లక్షణం ఆరు ముఖాలుగా విడిపోతుంది: ఆందోళన, కోపం, కుంగుబాటు, బిడియం, నిగ్రహలేమి, ఒత్తిడికి లొంగిపోవడం. ఇక శ్రేయస్సు వైపు చూస్తే దారులు రెండు. డీనర్, ఆయన సహచరులు 1985లో ఇచ్చిన జీవిత సంతృప్తి మాపనిలో అయిదే వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు, మొత్తం 5 నుంచి 35, నడిమి బిందువు 20. కెరొల్ రిఫ్ 1989లో చూపిన దారిలో ఆరు పార్శ్వాలు: స్వయం నిర్ణయం, పరిసరాలపై పట్టు, వ్యక్తిగత ఎదుగుదల, మంచి సంబంధాలు, జీవిత లక్ష్యం, తనను తాను అంగీకరించడం. ఈ రెండూ ఒకటి కావు. ఏది కొలిచారో చెప్పకుండా "శ్రేయస్సు తగ్గింది" అంటే చదివేవారికి ఏమీ తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక ప్రశ్నావళి "మీరు తరచూ దిగులుగా ఉంటారా" అని అడుగుతుంది. రెండోది "గత నెలలో ఎన్నిసార్లు దిగులుగా అనిపించింది" అంటుంది. ఈ రెండింటి మధ్య సహసంబంధం, అంటే రెండు కొలతలు కలిసి మారే తీరు, బలంగా వస్తే అందులో ఆశ్చర్యం ఏముంది? ఒకే మనిషి, ఒకే పూట, ఒకే మనఃస్థితిలో, దాదాపు ఒకే ప్రశ్నకు రెండుసార్లు జవాబిచ్చాడు. 2004లో షిమ్మాక్, సహ పరిశోధకులు ముఖాలను విడదీసి చూస్తే, జీవిత సంతృప్తిని మొత్తం న్యూరోటిసిజం కన్నా కుంగుబాటు అనే ఒక్క ముఖమే మెరుగ్గా అంచనా వేసింది. అందుకే మొత్తం స్కోరుతో ఆగిపోకండి, ముఖాల వారీగా చూడండి.

దీనికి చేయగల పని ఉంది. డేటా సేకరించకముందే రెండు ప్రశ్నావళుల్లోని వాక్యాలన్నీ విడివిడి చీటీలపై రాసి, ఏది ఎక్కడిదో చెప్పకుండా ముగ్గురు నలుగురు నిపుణుల చేత వేరు చేయించండి. రెండు వైపులా సరిపోయే వాక్యాలను గుర్తు పెట్టుకోండి. విశ్లేషణ రెండుసార్లు చేయండి, అవి ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి. రెండు ఫలితాలూ ప్రకటించండి. వీలైతే మూర్తిమత్వం గురించి ఆ మనిషిని బాగా ఎరిగిన మరొకరి చేత కూడా రేటింగ్ ఇప్పించండి.

కాలం విషయం కూడా ఇలాంటిదే. కుంగుబాటులో ఉన్న మనిషి తన గురించి "నేనెప్పుడూ ఇంతే" అంటాడు, కోలుకున్నాక అలా అనడు. ఒక్కసారి కొలిస్తే లక్షణమేదో, తాత్కాలిక స్థితి ఏదో విడదీయలేం. 2016లో జెరోనిమస్ బృందం 59 దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి చూసింది. మొదట్లోనే ఉన్న రోగలక్షణాలను, పాత చికిత్స చరిత్రను లెక్కలోకి తీసుకుంటే, న్యూరోటిసిజానికీ తర్వాత వచ్చే మానసిక రుగ్మతలకూ ఉన్న సంబంధం దాదాపు సగమైంది. మిగిలిన సగం మాత్రం ఏళ్లు గడిచినా పెద్దగా తరగలేదు. నా దృష్టిలో ఈ రంగంలో అత్యంత విలువైన ఫలితాల్లో ఇదొకటి. ఒకే మనిషిలో వచ్చే మార్పును, మనుషుల మధ్య తేడాను వేరుచేసి చూడాలంటే కనీసం మూడు విడతల కొలత కావాలి.

అనువాదం దగ్గర తొందరపడొద్దు. "వర్రీ" అనే ఒక్క మాటకు మనకు బెంగ, దిగులు, ఆందోళన, కంగారు ఉన్నాయి. బెంగ ఎవరో దూరమైనప్పటిది, కంగారు క్షణికం, ఆందోళన వినగానే కొందరికి ధర్నా గుర్తొస్తుంది. వ్యతిరేక వాక్యాలైతే మరీ ప్రమాదం. "నేను త్వరగా కంగారుపడను" అన్నదానికి ఒకరు "లేదు, పడను" అనే అర్థంలో "లేదు" అంటారు, మరొకరు "ఆ మాట నిజం కాదు" అనే అర్థంలో అదే "లేదు" అంటారు. ఇద్దరూ ఒకే గడిలో టిక్కు పెడతారు! పదిమందిని ఎదురుగా కూర్చోబెట్టి, ప్రతి వాక్యం వాళ్లకు ఏమని అర్థమైందో చెప్పించుకుంటే ఇవన్నీ ముందే బయటపడతాయి.

వ్యతిరేక వాక్యాల మార్కులు తిప్పడం మరిచిపోవడం మామూలు పొరపాటు. 1 నుంచి 5 మాపనిలో అయితే మార్కును 6 లోంచి తీసేయాలి. ఒక ప్రశ్నకు మిగతా మొత్తంతో రుణాత్మక సహసంబంధం వస్తే ముందు అక్కడ వెతకండి. శాంపుల్ సంగతికొస్తే, 0.20 అంతటి బలహీనమైన సహసంబంధం నిజంగా ఉంటే దాన్ని 80 శాతం అవకాశంతో, 5 శాతం ప్రాముఖ్యతా స్థాయిలో (లేని సంబంధాన్ని ఉందనుకునే అవకాశం 5 శాతం) పట్టుకోవాలంటే దాదాపు 194 మంది కావాలి. అరవై మందితో చేసి "సంబంధం లేదు" అని తేల్చేయడం న్యాయం కాదు.

చివరగా, పాల్గొన్నవారు తమ స్కోరు అడుగుతారు. ప్రామాణిక విచలనం (మనుషుల స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 5, విశ్వసనీయత (కొలత ఎంత నిలకడగా ఉందో చెప్పేది, గరిష్ఠం 1) 0.84 అనుకుంటే కొలతలోని ప్రామాణిక దోషం 2. అటూ ఇటూ దానికి రెండింతలు వేసుకుంటే, 16 వచ్చిన మనిషి అసలు స్కోరు సుమారు 12 నుంచి 20 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చెప్పాల్సి వస్తే ఆ పరిధినే చెప్పండి. ఇది మారగలదని కూడా చెప్పండి: 2017లో రాబర్ట్స్ బృందం 207 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, చికిత్స వంటి జోక్యాల వల్ల మూర్తిమత్వ లక్షణాలన్నిటిలోకీ ఎక్కువగా మారింది భావోద్వేగ స్థిరత్వమే, అంటే న్యూరోటిసిజానికి అవతలి కొస. ఆ అధ్యయనాల సగటు వ్యవధి 24 వారాలు.