చేరిన పాట, చేరని పాట
(విజయవాడలో సంగీత విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ఇంతమంది వచ్చినందుకు నిజంగా సంతోషంగా ఉంది.

ఒక దేశంలో జనం వెర్రెత్తిపోయే గాయకుణ్ని ఇంకో దేశం ఎందుకు పట్టించుకోదు? ఈ ప్రశ్న విజయవాడలో అడగడం తేలిక. గాంధీనగర్ సినిమా ఆఫీసుల్లో కాసేపు కూర్చున్నవాళ్లకి తెలుసు, ఒకే బొమ్మ నైజాంలో, అంటే తెలంగాణలో, బాగా ఆడి సీడెడ్‌లో, అంటే రాయలసీమలో, రెండో వారానికే ఎత్తేయొచ్చు. కృష్ణా జిల్లా హక్కులు కొన్న బయ్యర్ మునిగిన చోట గుంటూరు బయ్యర్ ఒడ్డునపడొచ్చు. అప్పుడు అక్కడ ఎవరూ ఆ ఏరియా జనానికి టేస్టు లేదని తేల్చెయ్యరు. థియేటర్లు ఎన్ని దొరికాయి, ఏ వారం పడింది, ఎదురుగా ఏ సినిమా ఉంది అని ఆరా తీస్తారు. దేశాల మాట వచ్చేసరికి మనం ఆ తెలివి పక్కన పెట్టేసి, అమెరికా వాళ్లకి నచ్చలేదట అనేస్తాం. నచ్చాలన్నా నచ్చకపోవాలన్నా ముందు వినాలి కదా. బయటి దేశంలో పోయిందనుకునే పాటల్లో చాలావాటిని ఆ దేశం సరిగా విననే లేదని నా నమ్మకం. ఎందుకలా నమ్ముతున్నానో చెబుతాను.

నలుగురు ఇంగ్లండు కుర్రాళ్ల బ్యాండు బీటిల్స్‌ సంగతే చూడండి. 1963లో ఇంగ్లండులో ఎక్కువగా అమ్ముడుపోయిన రికార్డు వాళ్ల 'షి లవ్స్ యు'. వాళ్ల రికార్డుల కంపెనీ ఈఎంఐకి అమెరికాలో సొంత సంస్థే ఉంది, క్యాపిటల్ రికార్డ్స్. ఆ సొంతవాళ్లే ఆ పాటలు మాకొద్దని తిప్పి పంపారు. చికాగోలో వీజే అనే చిన్న కంపెనీ 1963లోనే రెండు రికార్డులు వేసి చూసింది, పోయాయి. 'షి లవ్స్ యు'ని స్వాన్ అనే ఇంకో చిన్న కంపెనీ సెప్టెంబరులో వేసింది. అదీ పోయింది. ఆ రోజు ఎవరైనా అమెరికా చెవికి ఇది పట్టదని తీర్పు చెబితే కాదనేవాళ్లు ఉండేవారు కారు.

డిసెంబరులో టీవీ వార్తల్లో ఆ నలుగుర్నీ చూసిన ఒక 15 ఏళ్ల అమ్మాయి వాషింగ్టన్‌లోని రేడియో స్టేషనుకు ఉత్తరం రాసింది, ఇలాంటి సంగీతం మన దగ్గర ఎందుకు ఉండకూడదని. అనౌన్సర్ కారొల్ జేమ్స్ ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వెయ్యలేదు. విమాన సిబ్బంది ద్వారా ఇంగ్లండు నుంచి రికార్డు తెప్పించి 17వ తేదీన వినిపించాడు. అంతే, మళ్లీ వెయ్యమని ఫోన్ల మీద ఫోన్లు. అప్పటికి మనసు మార్చుకున్న క్యాపిటల్, జనవరిలో విడుదల చేద్దామనుకున్న 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్'ని డిసెంబరు 26నే బజారులో పెట్టేసింది. క్రిస్మస్ సెలవులు, పిల్లలంతా ఇళ్లలో రేడియోల దగ్గరే ఉన్నారు. ఫిబ్రవరి 1కి ఆ పాట నంబర్ వన్. ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ టీవీ షోలో వాళ్లను 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. మార్చిలో నంబర్ వన్ అయిన పాట ఏదో తెలుసా? సెప్టెంబరులో పోయిన ఆ 'షి లవ్స్ యు'యే! పాటలో ఒక్క స్వరం మారలేదు. ఆరు నెలల్లో ఆ దేశపు అభిరుచి తలకిందులైందంటే నేను నమ్మను. మారింది దారి. ఒక ఉత్తరం, ఒక అనౌన్సర్, కాస్త ఖర్చు పెట్టడానికి సిద్ధపడ్డ పెద్ద కంపెనీ, సెలవులు.

దారి ఎలా ఉంటుందన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్ చిన్న దేశం. బీబీసీలో పడితే దేశమంతా ఒకేసారి వింటుంది. అమెరికాలో వేల రేడియో స్టేషన్లు, ఒక్కోటి ఒక్కో రకం సంగీతానికే అంకితం. ఊరూరా బస్సులో తిరిగి నెలల తరబడి పాడితే తప్ప అక్కడ పేరు నిలబడదు. ఇంగ్లండు పాప్ గాయకుడు రాబీ విలియమ్స్‌కి 2003లో ఇంగ్లండులోని నెబ్‌వర్త్‌లో మూడు రాత్రుల్లో 3 లక్షల 75 వేల మంది వచ్చారు. అదే మనిషి లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు కొనుక్కుని, ఎవరూ గుర్తుపట్టకుండా వీధుల్లో తిరగగలిగాడు. కింక్స్ అనే బ్యాండుదైతే మరీ అన్యాయం. 1965లో అమెరికా వెళ్లాక, అక్కడి సంగీతకారుల యూనియన్ వాళ్లకి మళ్లీ పర్మిట్లు ఇవ్వలేదు. 1969 దాకా ఆ దేశంలో అడుగుపెట్టి పాడలేకపోయారు. ఇంగ్లండు బ్యాండ్ల కోసం అమెరికా ఎగబడిన సంవత్సరాలు సరిగ్గా అవే. దీన్ని శ్రోతల తిరస్కారం అనగలమా?

ఇప్పుడు నన్ను బాగా కదిలించే మనిషి గురించి. సిక్స్‌టో రోడ్రిగ్స్. డెట్రాయిట్ నగరం, మెక్సికో నుంచి వచ్చిన కార్మిక కుటుంబం. 1970లో 'కోల్డ్ ఫ్యాక్ట్', 1971లో ఇంకో ఆల్బమ్, రెండూ సస్సెక్స్ అనే కంపెనీ వేసింది. అమెరికాలో దాదాపు ఎవరూ కొనలేదు. కంపెనీ ఆయన్ని వదిలేసింది, 1975లో తనే మూతపడింది. ఆయన ఇళ్లు కూలగొట్టే పనికి వెళ్లిపోయాడు. కానీ ఆ రికార్డులు దక్షిణాఫ్రికా చేరాయి. వర్ణవివక్ష నడుస్తున్న రోజులు. ప్రభుత్వ రేడియో ఆ పాటల్ని నిషేధించింది. ప్రభుత్వం బలవంతంగా సైన్యంలో చేర్చిన తెల్ల కుర్రాళ్లు క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకి ఎక్కించుకుని విన్నారు. అధికారాన్ని ప్రశ్నించే మాట ఆ గొంతులో వాళ్లకు దొరికింది. అమెరికాలో అలాంటి పాటలు పాడేవాళ్లు అప్పటికే బోలెడుమంది, అక్కడ ఆయన ఇంకొకడు. దక్షిణాఫ్రికాలో ఆ ఖాళీలో ఆయనొక్కడే. అదీ తేడా.

ఆయన స్టేజీ మీదే ఆత్మహత్య చేసుకున్నాడని అక్కడ పుకారు. ఆయనకేమో తనకి అక్కడ అభిమానులున్నారనే తెలియదు, రాయల్టీ చేతికి రాలేదు. చివరికి కొందరు అభిమానులు పాటలో డియర్‌బోర్న్ అనే ఊరి పేరు పట్టుకుని ఆచూకీ తీశారు. 1998లో వెళ్లి వేల మంది ముందు పాడాడు. 2012లో ఆయన మీద డాక్యుమెంటరీ వచ్చి ఆస్కార్ గెలిచాక గానీ సొంత దేశం తిరిగి చూడలేదు. 2023లో పోయారు. ఆల్బమ్‌లు పోయాక 1998 దాకా గడిచిన పాతికేళ్లు ఎవరు తిరిగి ఇస్తారు? అందుకే ఎవరైనా ఒక కళాకారుణ్ని ఫలానా చోట ఫ్లాప్ అని కొట్టిపారేస్తుంటే నాకు కోపం వస్తుంది.

చేరినా పాతుకోనివీ ఉంటాయి, కాదనను. కెనడాలో ట్రాజికల్లీ హిప్ అని ఒక బ్యాండు. గాయకుడికి మెదడు క్యాన్సర్ అని తెలిశాక 2016 ఆగస్టులో వాళ్లు చేసిన ఆఖరి కచేరీని టీవీలో కోటీ 17 లక్షల మంది చూశారు. సరిహద్దు దాటితే వాళ్ల పేరు తెలిసినవాళ్లు తక్కువ. వాళ్ల పాటల్లో కెనడా ఊళ్లు, 1951లో కనిపించకుండా పోయిన ఒక ఐస్ హాకీ ఆటగాడు ఉంటారు. ఇంకో సంగతి, రేడియోలో కొంత వాటా సొంత సంగీతమే ఉండాలని కెనడా 1971 నుంచే నియమం పెట్టింది. ఫ్రాన్సు కూడా 1994 చట్టంతో రేడియో పాటల్లో 40 శాతం ఫ్రెంచివే ఉండాలంది. ఫ్రెంచి రాక్ గాయకుడు జానీ హాలిడే చనిపోయినప్పుడు పారిస్ వీధులు జనంతో నిండిపోయాయి. ఇంగ్లీషు దేశాల్లో మాత్రం ఆయనెవరో చెప్పుకోవాల్సి వచ్చింది. ఇలాంటిచోట నేను దాన్ని ఓటమిగా చూడను. ఇంటి మనుషుల కోసం పాడారు, ఇంటి మనుషులు గుండెకు హత్తుకున్నారు.

అదృష్టం వాటా ఎంత అని మీరు అడగొచ్చు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన సాల్గానిక్, డాడ్స్, వాట్స్ దీన్ని పరీక్షించి 2006లో 'సైన్స్' పత్రికలో రాశారు. ఎవరికీ తెలియని 48 పాటలు, 14 వేల మందికి పైగా శ్రోతలు. ఎనిమిది గుంపులు చేసి, ఏ గుంపుకు ఆ గుంపులో ఎవరు ఏది డౌన్‌లోడ్ చేశారో మాత్రమే చూపించారు. ఒకే పాట ఒక గుంపులో మొదటి స్థానంలో, ఇంకో గుంపులో 40వ స్థానంలో నిలిచింది! మరీ మంచివి అడుక్కి పోవడం అరుదు, మరీ నాసివి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏమైనా జరగొచ్చు. మొదటి నలుగురు ఏది నొక్కారన్నది తరవాతివాళ్లని లాక్కుపోతుంది. ఒకే రకం శ్రోతలని ఎనిమిదిగా విడదీస్తేనే ఇలా ఉంటే, దేశాల మధ్య ఎలా ఉంటుందో ఊహించండి.

మన దగ్గరికి వద్దాం. బోనీ ఎమ్ జర్మనీలో తయారైన బృందం. 1978లో మాస్కోలో పాడారు, మన దేశంలో 80ల్లో వాళ్ల క్యాసెట్లు విపరీతంగా తిరిగాయి. అమెరికా పాటల జాబితాలో వాళ్ల పాట అన్నిటికంటే పైకెళ్లింది 30వ స్థానానికి. ఇక 'నాటు నాటు'. భాష అడ్డమైతే అది దాటకూడదు. కానీ ఓటీటీ ఉంది, అమెరికా థియేటర్లలో లేచి గంతులేసిన ప్రేక్షకులున్నారు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ తెలుగులోనే పాడారు. నాకు ఒళ్లు పులకరించింది. అదే సమయంలో ఒక బాధ కూడా. మన పాట బయటికి వెళ్లే దారి సినిమా ఒక్కటే అయిపోయింది. స్మిత లాంటివాళ్లు తెలుగు పాప్ ఆల్బమ్‌లతో ఇంకో దారి వెయ్యబోయారు, ఆ దారిన నడిచినవాళ్లు కొద్దిమందే.

1948 డిసెంబరు 1న మొదలైన మన ఆకాశవాణి కేంద్రం ఎన్ని లలిత గీతాలు చేయించింది! బాలాంత్రపు రజనీకాంతరావు గారు, బాలమురళీకృష్ణ గారు పనిచేసిన చోటు అది. ఆ పాటలు కొన్ని ఇప్పుడు అభిమానుల పుణ్యమా అని యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. చాలావాటి కింద రాసిందెవరో, కట్టిందెవరో, పాడిందెవరో ఉండదు. రోడ్రిగ్స్ రికార్డుల మీద పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉండటంతో ఆయన్ని వెతికినవాళ్లు ఎంత తికమక పడ్డారో గుర్తుపెట్టుకోండి. మీ ఇళ్లల్లో రేడియో నుంచి ఎక్కించుకున్న పాత టేపులుంటే తియ్యండి. తాతయ్యనో అమ్మమ్మనో కూర్చోబెట్టి, ఆ గొంతు ఎవరిదో అడిగి పేరు రాయండి. పాట పెట్టేటప్పుడు ఆ పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ పెట్టండి, డర్బన్‌లోనో టోక్యోలోనో వెతికేవాడికి దొరకాలి. ఎవరి దగ్గరైనా అలాంటి టేపులుంటే సభ అయ్యాక నన్ను కలవండి, వాటిని ఎక్కించే పనిలో నేనూ కూర్చుంటాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.