స్లైడు స్కానింగ్: నీడలు, రంగులు, సెట్టింగులు

సభకు నమస్కారం.

స్లైడులను, అంటే తెర మీద వేసి చూసే పారదర్శక ఫొటో ఫిల్మ్ ముక్కలను స్కాన్ చేసేవారి ఫిర్యాదులు ఎన్ని రకాలుగా వినిపించినా, వాటిలో ఎక్కువ భాగం రెండు మాటల్లోకి వస్తాయి: నీడలు ముద్దగా నల్లబడిపోయాయి, రంగులు ఏదో ఒక వైపుకు ఒరిగిపోయాయి. ఈ రెండింటికీ మూలం చాలాసార్లు ఒకటే. స్కానర్ వద్ద చేయవలసిన పనినీ, ఆ తర్వాత కంప్యూటర్‌లో చేయవలసిన పనినీ మనం కలిపేస్తున్నాం. స్కానర్ వద్ద మన బాధ్యత స్లైడులో ఉన్నదంతా చేజారకుండా ఫైలులోకి తెచ్చుకోవడం వరకే. బొమ్మ ఎలా కనిపించాలన్నది ఆ తర్వాత తీసుకోవలసిన నిర్ణయం.

మొదట స్లైడు స్వభావం చూద్దాం. స్లైడును తయారుచేసిందే చీకటి గదిలో, ప్రొజెక్టర్ వెలుగులో, తెర మీద చూడడానికి. చుట్టూ చీకటి ఉన్నప్పుడు బొమ్మలోని కాంట్రాస్ట్ మన కంటికి తగ్గినట్టు అనిపిస్తుంది కనుక, ఆ లోటును పూడ్చడానికి ఫిల్మ్‌లోనే కాంట్రాస్ట్‌ను పెంచి పెట్టారు. అదే స్లైడును వెలుతురున్న గదిలో మానిటర్ మీద చూస్తే, పెంచిన ఆ కాంట్రాస్ట్ నీడలను మింగేస్తుంది. అందువల్ల స్కాన్‌లో నీడలను కొంత తేలికపరచడం మోసమేమీ కాదు.

అయితే ఆ నీడల్లో ఉన్నది ఎంత? ఫిల్మ్ నల్లదనాన్ని సాంద్రతగా, లాగరిథమ్ కొలతలో చెబుతారు. సాంద్రత 2 అంటే దానిమీద పడిన వెలుగులో నూరో వంతు, 3 అంటే వెయ్యో వంతు మాత్రమే దాటి వస్తుందని అర్థం. కాగితం మీది ఫొటో సుమారు 2 దగ్గర ఆగిపోతే, స్లైడులో అతి నల్లని చోటు 3.5ను కూడా దాటగలదు. సాంద్రత 3.6 అయితే సెన్సర్‌కు అందేది దాదాపు నాలుగు వేల వంతుల్లో ఒక వంతు వెలుగే. సెన్సర్ చదివిన విలువను నేరుగా 8 బిట్లలో, అంటే 256 మెట్లలో రాస్తే ఆ వెలుగుకు ఒక్క మెట్టు కూడా దక్కదు. 16 బిట్లలో, అంటే 65,536 మెట్లలో రాస్తే సుమారు 16 మెట్లు దక్కుతాయి. ఒక్కో రంగు ఛానెల్‌కు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) 16 బిట్లు ఎంచుకోమని చెప్పేది ఇందుకే.

ఇక సెట్టింగులు. ప్రివ్యూ చూడగానే స్కాన్ చేసే చట్రాన్ని మౌంటు (ఫిల్మ్ చుట్టూ ఉండే అట్ట లేదా ప్లాస్టిక్ పట్టీ) అంచుల లోపలికి జరపాలి. మౌంటు నలుపు గానీ, దాని పక్కనుంచి కారే వెలుగు గానీ చట్రంలో ఉంటే, ఆటో ఎక్స్‌పోజర్ వాటినే బొమ్మలోని నలుపు, తెలుపులుగా భావించి తప్పు లెక్క వేస్తుంది. ఆ తర్వాత ఎక్స్‌పోజర్‌ను అతి ప్రకాశవంతమైన వివరం హిస్టోగ్రామ్ (ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు దాకా ఏ ఛాయ ఎంతుందో చూపే పటం) కుడి కొసను తాకకుండా, దానికి కాస్త ఇవతల నిలిచేంతవరకు పెంచాలి. నీడలకు నిజమైన మేలు చేసేది ఈ మెట్టే, ఎందుకంటే ఇక్కడ సెన్సర్‌కు అందే వెలుగే పెరుగుతుంది. బ్రైట్‌నెస్ మీట జరిపితే అప్పటికే చదివిన అంకెలు, వాటితోపాటు నాయిస్ (బొమ్మలో లేని, సెన్సర్ కలిపే చుక్కల చెత్త) పెరుగుతాయి, అంతే. బ్లాక్ పాయింట్‌ను, అంటే పూర్తి నలుపుగా లెక్కించే విలువను, హిస్టోగ్రామ్ మొదలయ్యే చోటుకు ఎడమగా, కొంచెం ఖాళీ వదిలి పెట్టాలి. ఇలా చేసిన స్కాన్ చప్పగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

మల్టీ శాంప్లింగ్ సౌకర్యం ఉంటే ముదురు స్లైడులకు వాడుకోవచ్చు. ఒకే వరుసను 4 సార్లు చదివి సగటు తీస్తే యాదృచ్ఛిక నాయిస్ సగమవుతుంది, 16 సార్లు చదివితే నాలుగో వంతవుతుంది. అంతకు మించితే దక్కే లాభం కంటే పట్టే సమయమే ఎక్కువ.

రంగుల విషయం ఇంతకంటే చిక్కైనది. స్లైడులో సయాన్, మెజెంటా, పసుపు రంజకాలు మూడు పొరల్లో ఉంటాయి, ఏ పొరకు ఆ పొర తన వేగంతో వెలిసిపోతుంది. కోడక్ కంపెనీ వారి పాత ఎక్టాక్రోమ్ స్లైడులలో చాలావాటికి సయాన్ వెలిసిపోవడం వల్ల బొమ్మంతా ఎర్రబడి కనిపిస్తుంది. సయాన్ చేసే పని ఎరుపు వెలుగును ఆపడం. ఆ రంజకం నిండుగా ఉండవలసినది నీడల్లోనే కాబట్టి, అది తగ్గినప్పుడు నష్టం అక్కడే ఎక్కువగా తెలుస్తుంది. తెల్లని మేఘంలో మొదటినుంచీ రంజకమే లేదు గనుక అది చెడదు. కాబట్టి కలర్ బ్యాలెన్స్ మీటను ఒక్కసారిగా సయాన్ వైపు జరిపితే నీడలు బాగుపడకముందే మేఘాలు పాడవుతాయి. ఛానెళ్లను విడదీసి చూస్తే ఎరుపు హిస్టోగ్రామ్ ఎడమ పాదం మిగిలిన రెండింటికంటే కుడివైపుకు జరిగి ఉంటుంది. ఆ ఒక్క ఛానెల్ బ్లాక్ పాయింట్‌ను దాని పాదం దగ్గరకు తెచ్చి, ఆపైన మధ్య ఛాయలను అదే ఛానెల్ గామాతో (మధ్య ఛాయల వెలుగును మార్చే సెట్టింగుతో) సరిచేస్తే, తెలుపును తాకకుండానే నీడలు తేరుకుంటాయి.

కోడక్ వారిదే మరో ఫిల్మ్ కోడాక్రోమ్ సంగతి వేరు. 1935లో మార్కెట్‌లోకి వచ్చి 2009లో తయారీ ఆగిన ఈ ఫిల్మ్‌లో రంజకాలు డెవలపింగ్ సమయంలో చేరతాయి. చీకట్లో దాస్తే దశాబ్దాలు నిలిచే ఈ రంగులు ప్రొజెక్టర్ వెలుగుకు మాత్రం త్వరగా వెలుస్తాయి. స్కానర్ రంగుల లెక్క సాధారణంగా ఇతర ఫిల్ముల రంజకాలకు కుదిర్చినది కావడంతో, కోడాక్రోమ్ నీడలు తరచుగా నీలంగా వస్తాయి. దీనికి సరైన మందు కోడాక్రోమ్ మీదే ముద్రించిన ఐటీ8 టార్గెట్‌తో (విలువలు ముందే తెలిసిన రంగు గళ్ల నమూనాతో) ప్రొఫైల్, అంటే స్కానర్ రంగులను సరిదిద్దే పట్టిక, చేసుకోవడం. అది దొరకకపోతే నీలం ఛానెల్ కర్వ్‌ను (ఏ ఛాయ ఎంత వెలుగుతో రావాలో నిర్ణయించే గీతను) నీడల వరకే కిందికి వంచాలి. పరారుణ కాంతితో దుమ్ము తొలగించే సౌకర్యాన్ని ఈ ఫిల్మ్ మీద నమ్మకంగా వాడలేం. బొమ్మలోని ముదురు అంచులనే అది దుమ్ముగా పొరబడవచ్చు.

అన్ని రంగు ఛాయలూ దోషాలు కావు. పగటి వెలుగుకు, అంటే సుమారు 5,500 కెల్విన్‌కు కుదిర్చిన ఫిల్మ్ మీద చెట్టు నీడలో తీసిన ముఖం నీలంగా వస్తే, ఆ నీడకు వెలుగిచ్చింది నీలాకాశమే. ఆటో కలర్ దాన్ని వెలిసిన రంజకంగా భావించి తుడిచేస్తుంది, సూర్యాస్తమయంలోని నారింజ రంగునూ అలాగే బూడిదగా మారుస్తుంది. నా దృష్టిలో ఆటో కలర్ వంటి మీట స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ఉండడమే అనవసరం.

నీడలను తెరిచే పని ఇలాంటి చప్పటి స్కాన్ చేతికొచ్చాక, కర్వ్‌తో చేయాలి. బ్లాక్ పాయింట్‌ను కదలనివ్వకుండా, దాని పైనున్న పావు భాగాన్ని మాత్రమే మెల్లగా ఎత్తుతూ, వివరం కంటే నాయిస్ ముందు కనిపించిన చోట ఆగాలి. రంగులు నిండుగా రావడానికి, వెలుగు భాగాలు కాలిపోకుండా ఉండడానికి చాలామంది ఫొటోగ్రాఫర్లు స్లైడు ఫిల్మ్‌కు ఎక్స్‌పోజర్‌ను మూడో వంతు స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) తగ్గించి ఇచ్చేవారు. అంటే కొన్ని నీడలను వారు తెలిసే వదులుకున్నారు. వాటిని ఎత్తితే బయటపడేది ఫిల్మ్ గరుకుదనమే.

చివరగా ఫైలు సంగతి. 36×24 మిల్లీమీటర్ల స్లైడును అంగుళానికి 4,000 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 2 కోట్ల 14 లక్షల పిక్సెళ్లు వస్తాయి, 16 బిట్ల టిఫ్ ఫైలుగా అది 128 మెగాబైట్ల దాకా ఉంటుంది. షార్పెనింగ్ లేని ఆ చప్పటి స్కాన్‌ను ప్రొఫైల్‌తో సహా మూలప్రతిగా దాచి, సవరణలన్నీ దాని నకలు మీద చేయండి. ఎస్‌ఆర్‌జీబీకి (మానిటర్లకు, వెబ్‌కు మామూలుగా వాడే రంగుల హద్దుకు) మార్చి జేపెగ్ తీయడం అన్నిటికంటే ఆఖరి పని, ఎందుకంటే స్లైడులోని కొన్ని గాఢమైన రంగులు ఆ హద్దులో పట్టవు.