వంకాయలు పర్చేజ్ చేయకండి

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినపడుతోందా? సరే.

నాకు మొదటి ఉద్యోగం వచ్చిన కొత్తల్లో మా తాతయ్య పోయారు. తెల్లవారుజామున నాన్న ఫోన్ చేశారు. నేను బస్సెక్కే ముందు, వేరే దేశంలో కూర్చుని మా పని చూసే టీమ్ లీడ్‌కి ఒక్క ముక్క మెయిల్ కొట్టాను: "మై గ్రాండ్‌ఫాదర్ ఎక్స్‌పైర్డ్, ఐ నీడ్ లీవ్." ఆయన చాలా మర్యాదగా జవాబిచ్చాడు, సెలవూ ఇచ్చాడు. కొన్ని నెలలయ్యాక, కాస్త చనువు కుదిరాక అడిగాడు, మీ దగ్గర మనుషులకు కూడా ఎక్స్‌పైర్ అనే మాట వాడతారా అని. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ఆయన రోజూ వినే ఇంగ్లీషులో ఎక్స్‌పైర్ అయ్యేవి పాస్‌పోర్టు, పాల ప్యాకెట్టు, ఇన్సూరెన్సు.

నాకు ఉక్రోషం వచ్చి డిక్షనరీ తీశాను. ఎక్స్‌పైర్ అంటే చనిపోవడం అని అందులో ఉంది! పైగా అది లాటిన్ నుంచి వచ్చిన మాట, అసలు అర్థం ఊపిరి బయటికి వదలడం. మనం 'తుది శ్వాస విడిచారు' అంటామే, అచ్చం అదే. మరి నా తప్పేముంది? అర్థంలో తప్పు లేదు. ఆ మాట ఇవాళ ఎవరి సావాసంలో తిరుగుతోందో నాకు తెలియదు, అంతే.

నేను చెప్పొచ్చేదేమిటంటే, ఒకే అర్థం ఉన్నట్టు కనపడే రెండు మాటల్లో ఏది ఎక్కడ వాడాలో పట్టుకునే చెవి మనందరికీ ఉంది, తెలుగులో పొద్దున లేచిన దగ్గర్నుంచీ దాన్నే వాడుతున్నాం, ఇంగ్లీషు అనగానే టెన్షన్‌తో ఆ చెవి మూసేసుకుని డిక్షనరీ మీద పడతాం.

నమ్మకం లేకపోతే చావు సంగతే చూడండి. వీధికుక్క చచ్చిపోయింది. పక్కింటి మామ్మగారు పోయారు. మాజీ మంత్రి కన్నుమూశారు. స్వామీజీ పరమపదించారు. పెద్దవాళ్ళు 'ఆయన కాలం చేసి పదేళ్ళయింది' అంటారు, పోలీసు కాగితంలో మాత్రం ఆయనే 'మృతుడు'. వీటిలో ఒకదాన్ని ఇంకోదాని చోట పెట్టి చూడండి. 'మాజీ మంత్రి చచ్చిపోయారు' అని పేపర్లో వచ్చిందనుకోండి, ఆ సబ్ ఎడిటర్ పరిస్థితి ఏమిటి? ఇది మీకు ఏ టీచరూ నేర్పలేదు.

ఇంగ్లీషూ ఇలాంటిదే. మనకు అచ్చతెలుగు మాటలున్నాయి, వాటి మీద సంస్కృతం వచ్చి కూర్చుంది, సర్కారు కచేరీల్లోకి ఉర్దూ, పారసీ వచ్చాయి. వాళ్ళకు పాత ఇంగ్లీషు ఉంది, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దొరల భాషగా ఫ్రెంచి వచ్చి పడింది, చదువులతో పాటు లాటిన్ దిగింది. అందుకే పొలంలో తిరిగేటప్పుడు 'కౌ', పళ్ళెంలోకి వస్తే 'బీఫ్'. మేసేటప్పుడు 'షీప్', వండాక 'మటన్'. మేపేవాడి మాట ఇంగ్లీషు, తినేవాడి మాట ఫ్రెంచి. (మనం మటన్ అని మేకను తింటున్నాం, అది వేరే కథ.)

'బై', 'పర్చేజ్' తీసుకోండి. రెండూ కొనడమే. 'బై' పాత ఇంగ్లీషు, 'పర్చేజ్' ఫ్రెంచి నుంచి వచ్చింది. మనకు 'కొను' ఉంది, 'క్రయం' ఉంది. స్థలం రిజిస్ట్రేషన్‌కి వెళ్తే చేతిలో పెట్టేది క్రయ దస్తావేజు, అక్కడ 'కొన్న కాగితం' అంటే ఎవరూ ఒప్పుకోరు. అలాగని ఇంటికొచ్చి 'సంతలో అరకిలో వంకాయలు క్రయం చేశాను' అంటే మీ అమ్మ మీ నుదురు పట్టుకుని జ్వరమేమో చూస్తుంది. 'ఐ పర్చేజ్డ్ బ్రింజాల్స్' అని మనం ధైర్యంగా రాసే వాక్యం కూడా ఇంగ్లీషువాడి చెవికి దాదాపు అంత వింతగానూ ఉంటుంది. కంపెనీ మిషన్లు పర్చేజ్ చేస్తుంది. మీరు వంకాయలు 'బై' చేయండి.

'క్లైంబ్', 'ఎసెండ్' కూడా అంతే. రాజు సింహాసనం అధిరోహిస్తాడు, వాళ్ళ రాజూ సింహాసనాన్ని 'ఎసెండ్' అవుతాడు. మనం బస్సు అధిరోహించం. 'ఆస్క్' అడగడం, 'క్వశ్చన్' ప్రశ్నించడం, 'ఇంటరాగేట్' అంటే స్టేషన్‌కి తీసుకెళ్ళి కూర్చోబెట్టడం.

ఇంతవరకు తెలుగు మనకు సాయం చేస్తుంది. చేయని చోట్లూ ఉన్నాయి, అక్కడే బోర్లా పడతాం. 'నీడ' ఒకటి. చెట్టు నీడలో కూర్చుంటాం, మన నీడ మన వెంటే వస్తుంది. మనకు రెండూ నీడే. వాళ్ళకు కూర్చునే నీడ 'షేడ్', వెంట వచ్చేది 'షాడో'. నేను పిల్లలకు చెప్పేది, చోటు అయితే షేడ్, ఆకారం అయితే షాడో. అలాగే 'చదువు'. పేపర్ చదువుతాం, బీకాం చదువుతాం. అందుకే 'స్టడీయింగ్' అనాల్సిన చోట 'ఐ యామ్ రీడింగ్ ఇంటర్మీడియెట్' అనేస్తాం. 'ఎదురుచూడు' ఇంకా ప్రమాదం. జవాబు కోసం ఎదురుచూస్తున్నాం అని వినయంగా రాద్దామనుకుని 'ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ యువర్ రిప్లై' అని పెడతాం, అవతలివాడికి అది 'జవాబు రావాల్సిందే' అన్నట్టు వినపడొచ్చు.

ఆ మధ్య ఒక కుర్రాడు స్కాలర్‌షిప్ దరఖాస్తు దిద్దమని తెచ్చాడు. అందులో 'మై ఫాదర్ ఈజ్ ఎ పెటీ ఫార్మర్' అని ఉంది. ఇదేంట్రా అన్నాను. "సార్, 'స్మాల్' రెండుసార్లు వచ్చింది, బాగోలేదని మార్చాను." కంప్యూటర్లో మాట మీద రైట్‌క్లిక్ కొట్టాడు, వచ్చిన పర్యాయపదాల జాబితాలోంచి ఒకటి ఏరుకున్నాడు. 'స్మాల్ ఫార్మర్' అంటే రెండెకరాల రైతు. 'పెటీ' అనేసరికి అందులోకి అల్పుడు, లెక్కలోకి రానివాడు అనే వాసన వస్తుంది. రెండెకరాలూ కౌలుకిచ్చి కొడుకును చదివిస్తున్న మనిషి ఆయన. 'స్మాల్' రెండుసార్లు వస్తే రానీ, కొంపేమీ మునగదు.

అలాంటి జాబితాలకు పెద్ద పేరు తెచ్చినవాడు రోజెట్ అనే డాక్టరు, డెబ్బై మూడేళ్ళ వయసులో 1852లో తన థెసారస్ అచ్చువేశాడు. భావాల వారీగా మాటలు గుంపులు కట్టాడు గానీ వాటికి అర్థాలు రాయలేదు. మాటలు తెలిసినవాడికి నోటి చివర ఆగిపోయినదాన్ని గుర్తుచేసే పుస్తకం అది, తెలియనివాడు ఏరుకునే కొట్టు కాదు. అదే 1852లో మద్రాసులో మన బ్రౌన్ దొర తెలుగు ఇంగ్లీషు నిఘంటువూ వచ్చింది. ఆయన చాలా మాటలకు వాడుక చూపించాడు, ఒకసారి తెరిచి చూడండి. మనలాంటివాళ్ళ కోసం చేసిన ఇంగ్లీషు డిక్షనరీ మాత్రం హార్న్‌బీ అనే ఇంగ్లీషు టీచరుది, మొదట 1942లో జపాన్‌లో అచ్చయింది. ఇంగ్లీషు సొంత భాష కానివాళ్ళను దృష్టిలో పెట్టుకున్నది కాబట్టి మాట ఎలా వాడాలో చూపిస్తుంది. దాని వారసులు ఇప్పుడు మీ ఫోన్లోనే ఉన్నాయి. తెరిస్తే అర్థం దగ్గర ఆగిపోకండి, కింద వాలుగా అచ్చువేసిన వాక్యాలు చదవండి, అసలు సరుకు అక్కడుంది.

మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలి అన్నాడు ఫర్త్ అనే భాషావేత్త, 1957లో. ఆయన లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీలో 1919 నుంచి 1928 దాకా ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేశాడు. తర్వాత 1937లో గుజరాతీ, తెలుగు అధ్యయనం చేయడానికి మళ్ళీ ఇండియా వచ్చాడు. ఆయన చెప్పింది మీకు టీ కొట్టు దగ్గరే తెలుసు. 'స్ట్రాంగ్‌గా ఒక టీ' అంటారు, 'పవర్‌ఫుల్ టీ' అనరు. ఇంజన్ మాత్రం పవర్‌ఫుల్. ఎందుకని అడిగితే కారణం లేదు, ఈదురు గాలి ఉంది గానీ ఈదురు వాన ఎందుకు లేదంటే మనం మాత్రం ఏం చెప్తాం?

మళ్ళీ ఆ మెయిల్ రాయాల్సొస్తే ఇప్పుడు ఏం రాస్తావని మొన్న మా అబ్బాయి అడిగాడు. 'మై గ్రాండ్‌ఫాదర్ డైడ్ దిస్ మార్నింగ్.' 'పాస్డ్ అవే' కూడా బాగానే ఉంటుంది, మన 'పోయారు'కి దగ్గర. కానీ బస్టాండులో నిలబడి రాసేవాడికి 'డైడ్' చాలు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. మీరు అడగాల్సినవి ఉంటే అడగండి. విదేశాల్లో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మీ మాట నమ్మట్లేదని అనుకుంటారు, అక్కడ 'క్వశ్చన్' అనండి. ఇక్కడ మాత్రం డౌట్లే అడగొచ్చు. ఆ మూడో బెంచీలో చెయ్యెత్తిన అమ్మాయి, చెప్పమ్మా.