దూలంలో దాగిన చెట్టు

అందరికీ నమస్కారం.

వడ్రంగులు కర్ర కొనేటప్పుడు చేవ చూస్తారు, ముడులు చూస్తారు. ముడులు ఎక్కువుంటే బేరం తగ్గుతుంది, ఒక్కోసారి అసలే వద్దంటారు. చిత్రిక పట్టేటప్పుడు అక్కడే తట్టుకుంటుంది మరి. ఈరోజు నేను చెప్పబోయే ఇటలీ శిల్పికి మాత్రం ఆ ముడులే దారి చూపించాయి. ఆయన జ్యుసెప్పె పెనోనె. 1947లో గారెస్సియో అనే కొండ ఊళ్లో పుట్టాడు.

ముందు చెట్టు ఎలా పెరుగుతుందో చెప్పుకుందాం, లేకపోతే ఈ శిల్పాలు అర్థం కావు. మాను ఏటా బెరడు కింద కొత్త పొర వేసుకుంటుంది. పాత పొర ఎక్కడికీ పోదు, కొత్తదాని లోపల అలాగే ఉండిపోతుంది. అంటే నలభై ఏళ్ల మాను లోపల పదేళ్లనాటి చెట్టు, ఇరవై ఏళ్లనాటి చెట్టు ఉన్నచోటే నిలబడి ఉంటాయి. లేతప్పుడు వేసిన కొమ్మ మొదలు, మాను లావెక్కే కొద్దీ లోపల కూరుకుపోతుంది. కోసిన పలకలో గుండ్రంగా కనిపించే ముడి అదే.

1969లో, తనకు 22 ఏళ్లప్పుడు, పెనోనె మిల్లులో నలుపలకలుగా కోసిన ఒక దూలం తీసుకున్నాడు. ఆ చెట్టుకు కూడా 22 ఏళ్లున్నప్పటి రూపం బయటికి తీద్దామనుకున్నాడు. ఒక ఏటి పొరను, అంటే కోసిన కొసలో కనిపించే ఒక వలయాన్ని పట్టుకుని, దాని పైనున్న కర్రంతా తీసేస్తూ పోయాడు. ముడి తగిలితే దాన్ని వదిలి చుట్టూ చెక్కాడు. ఆ ముడి కొమ్మై నిలబడింది.

చలి ప్రాంతాల లార్చ్ లాంటి చెట్లలో వసంతంలో పెరిగిన పొర లేతరంగులో మెత్తగా, వేసవి చివర్లో పెరిగినది ముదురు రంగులో గట్టిగా ఉంటుంది. అందుకే ఒక ఏడాదిని వదలకుండా వెంబడించడం కుదురుతుంది. కుదురుతుందే గానీ సులువు కాదు. ఉలి కాస్త లోతుగా దిగిందంటే ఆ ఏడు పోయినట్టే, మళ్లీ అతికించలేం.

లండన్‌లోని టేట్ అనే కళా మ్యూజియం సేకరణలో ఉన్న ఆయన లార్చ్ చెట్టు శిల్పం 1980–82 నాటిది, పొడవు 12 మీటర్లు. రెండు ముక్కలుగా నిలబెడతారు. ఆయన ఇలాంటి శిల్పాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది చెక్కకుండా దూలంగానే వదిలేసిన భాగం. అది లేకపోతే మనం ఒక చెట్టును చూసి వెళ్లిపోయేవాళ్లం. అది ఉండబట్టే, మన ఇంటి కప్పులోని దూలం కూడా ఒకప్పుడు ఇదే కదా అనిపిస్తుంది.

1999 డిసెంబరు తుఫానుకు ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజోద్యానంలో వేల చెట్లు కూలాయి. వాటిలో ఒక దేవదారును పెనోనె కొన్నాడు. ఈసారి మానునంతా చెక్కలేదు. బెరడుతో సహా అలాగే ఉంచి, పక్కన గుమ్మంలా తెరిచి లోపలికి చెక్కుకుంటూ వెళ్లాడు. ఆ తెరిచిన చోట సన్నటి పడుచు చెట్టు నిలబడి ఉంటుంది. దాని కొమ్మలు చుట్టూ ఉన్న ముసలి మానులోకి దూసుకుపోయి ఉంటాయి. 2003లో పూర్తయిన ఈ శిల్పం ఇప్పుడు టొరంటోలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియో సేకరణలో ఉంది. అక్కడున్న మన తెలుగువాళ్లు తప్పకుండా వెళ్లి చూడాలి.

ఇది పనితనమే తప్ప సృజన ఏముందని కొందరు అడుగుతారు. నేను ఒప్పుకోను. కొమ్మ ఎటు వంగాలో ఆయన నిర్ణయించడు, చెట్టు ఎప్పుడో నిర్ణయించేసింది. ఏ ఏడు దగ్గర ఆగాలన్నదే ఆయన చేతిలో ఉంది. తన ఇష్టాన్ని అంతగా తగ్గించుకోవడం శిల్పికి చాలా పెద్ద నిర్ణయం.

మనం కర్ర చెక్కడం మెత్తటి, ముడుల్లేని కర్రతో నేర్పుతాం. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి సరిగ్గా సరిపోతుంది, ఆ పనికి అదే కావాలి. పెనోనెలా లోపలి చెట్టును బయటికి తీసే పనికి మాత్రం టేకు తీసుకోండి. మామిడిలో వలయాలు అంత తేటగా ఉండవు, టేకులో బాగా తెలుస్తాయి. పాత ఇళ్లు కూల్చినప్పుడు ముడులున్న టేకు దూలాలు అమ్మకానికి వస్తుంటాయి. వర్క్‌షాపుకు అలాంటిదొకటి తెచ్చి, కొసను నున్నగా చేసి తడిబట్టతో తుడవండి. వలయాలు పైకి తేలతాయి. ఏ ఏడు దగ్గర ఆగాలో మీలో మీరే మాట్లాడుకుని తేల్చుకోండి, ఆ తర్వాతే ఉలి పట్టండి.