సన్నింగ్‌డేల్ ఓల్డ్ కోర్స్: బంతి పడేది ఒకచోట, ఆగేది ఇంకోచోట

నమస్తే. "సముద్రతీరంలో లేని గోల్ఫ్ కోర్స్ అంటే మెత్తగా ఉంటుంది, బంతి పడ్డచోటే ఆగిపోతుంది" అని చాలామంది అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చికాకే. ఇంగ్లండ్‌లోని సన్నింగ్‌డేల్ ఓల్డ్ కోర్స్‌లో అలా అనుకుని ఆడితే మొదటి హోల్‌లోనే బంతి గ్రీన్ (జెండా, రంధ్రం ఉండే నున్నటి గడ్డి) దాటి వెళ్ళిపోతుంది.

క్రికెట్‌లో టాస్‌కి ముందు పిచ్ చూస్తారు కదా? పైన గడ్డి ఎలా ఉందన్నదొకటే కాదు, కింద ఏ మట్టి ఉందో కూడా ముఖ్యం. ఇక్కడా అంతే. లండన్ చుట్టుపక్కల చాలాచోట్ల ఉండేది బంకమన్ను. చలికాలంలో బురద, ఎండాకాలంలో రాయి. సన్నింగ్‌డేల్ కింద ఉన్నది ఇసుక. వాన నీరు త్వరగా ఇంకిపోతుంది, నేల గట్టిగా ఉంటుంది, బంతి దొర్లుతుంది. విల్లీ పార్క్ జూనియర్ డిజైన్ చేసిన ఈ కోర్స్ 1901లో మొదలైంది. అప్పట్లో ఇదంతా దాదాపు చెట్లు లేని బయలు. ఇప్పుడు మనం చూసే పైన్ చెట్లలో చాలావరకు తర్వాత పెరిగినవే.

అందుకే ఇక్కడ అసలు ప్రశ్న జెండా ఎంత దూరంలో ఉందన్నది కాదు. బౌలర్ బంతిని వికెట్ మీదకే విసరడు, పిచ్ మీద ఒక లెంగ్త్ చూసుకుంటాడు. మీరూ గ్రీన్‌కి కాస్త ముందు ఒక చోటు ఎంచుకుని బంతిని అక్కడ దింపండి. మిగతా దూరం నేలే తీసుకెళ్తుంది.

ఫెయిర్‌వే, అంటే గ్రీన్ వైపు వెళ్ళే కురచ గడ్డి దారి, తప్పితే హెదర్ అనే పొట్టి పొదల్లో పడతారు. ఆగస్టులో ఊదారంగు పూలతో ఎంత అందంగా ఉంటాయో! కానీ ఆ తీగల్లాంటి కాడలు క్లబ్‌ని, అంటే మీ గోల్ఫ్ కర్రని, పట్టుకుని మెలిపెట్టేస్తాయి. అక్కడ సిక్సర్ ఆలోచన వద్దు. బంతిని పైకి లేపే వెడ్జ్ క్లబ్ తీసి, దగ్గర్లో ఉన్న ఫెయిర్‌వే మీదకి ఒక సింగిల్ తీయండి చాలు.

సింగిల్స్‌తో ఏమొస్తుందంటారా? 1926లో ఓపెన్ (బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ టోర్నీ) క్వాలిఫయింగ్ కోసం అమెరికా గోల్ఫర్ బాబీ జోన్స్ ఇక్కడ 66 కొట్టాడు, అంటే పద్దెనిమిది హోల్స్‌నీ 66 షాట్లలో ముగించాడు. గోల్ఫ్‌లో షాట్లు ఎంత తక్కువైతే అంత మంచిది. మొదటి తొమ్మిదిలో 33, తర్వాతి తొమ్మిదిలో 33. అందులో గ్రీన్ మీద బంతిని దొర్లించే పుట్‌లు 33, మిగతా షాట్లు 33. కార్డు మీద అన్నీ మూడులు, నాలుగులే. ఒక్క ఐదు లేదు, ఒక్క రెండు లేదు. 13వ హోల్‌లో బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, పడ్డాడు, అక్కడా మూడుతోనే బయటపడ్డాడు. పైగా ఇదంతా చెక్క కర్ర ఉన్న క్లబ్‌లతో! నా దృష్టిలో గోల్ఫ్‌లో ఇంతకంటే నిలకడైన ఇన్నింగ్స్ లేదు. ఆ ఏడాది ఓపెన్ కూడా అతనే గెలిచాడు.

టైమ్ అయిపోతోంది, మిగతా హోల్స్ త్వరగా చెప్పేస్తా. అయిదో హోల్ టీ (మొదటి షాట్ కొట్టే చోటు) ఎత్తు మీద ఉంటుంది, గ్రీన్‌కి ముందు చెరువు. పదో హోల్ టీ ఇంకా ఎత్తు. గ్రీన్ దాటగానే ఒక చిన్న హట్ ఉంటుంది, అక్కడ సాసేజ్ శాండ్‌విచ్ తినకుండా ముందుకు వెళ్ళకండి. పదకొండోది పొట్టి పార్ ఫోర్, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్, ఆశపడి అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్ డ్రైవర్ తీయొద్దు. పదిహేను పొడవైన పార్ త్రీ. ఆ తర్వాతి మూడూ పార్ ఫోర్‌లే, అన్నిట్లోనూ బంతి దింపే చోటు ముందే చూసుకోండి. పద్దెనిమిదిలో క్లబ్‌హౌస్ దగ్గరి పెద్ద ఓక్ చెట్టు కనిపిస్తుంది, గురి అటు పెట్టుకోండి.