పాప పేరున వేశాం సరే, పాపకు ఎప్పుడు అందుతుంది?

అందరికీ నమస్కారం.

పిల్లల చదువుకు ఏం దాచారని అడిగితే మన ఇళ్లలో తరచుగా వినపడే జవాబు "పాప పేరున వేశాం" అని. పాప పేరున వేయడం ఒకటి, పాప కోసం వేయడం మరొకటి. మైనర్ పేరు మీదికి వెళ్లిన డబ్బుకు, ఆస్తికి చట్టం తాళం వేస్తుంది. ఆ తాళం తెరుచుకునే తేదీ, మనకు ఫీజు కట్టాల్సిన తేదీ కలవకపోతే, లక్షలు దాచుకున్న కుటుంబం కూడా అడ్మిషన్ల వేళ అప్పు కోసం తిరగాల్సి వస్తుంది. ఇవాళ నేను ఎక్కువగా మాట్లాడేది ఈ తేదీల గురించే.

ముందు ఎంత కావాలో చూద్దాం. ఇవాళ 10 లక్షలయ్యే చదువు అనుకోండి. ఫీజులు ఏటా 8 శాతం పెరుగుతాయనుకుంటే, ఎన్నేళ్లకు రెట్టింపవుతాయో తెలియడానికి 72ను 8తో భాగించండి. 9 వస్తుంది. అంటే తొమ్మిదేళ్లకోసారి ఖర్చు రెట్టింపు. ఇప్పుడు పుట్టిన బిడ్డకు 18 నిండేసరికి అది రెండుసార్లు రెట్టింపై 40 లక్షలకు చేరుతుంది.

మరి మనం దాచేది? నెలకు 5,000 చొప్పున 18 ఏళ్లు వేసి, ఏటా 10 శాతం రాబడి వస్తే దాదాపు 30 లక్షలవుతుంది. బిడ్డకు ఎనిమిదేళ్లు వచ్చాక మొదలుపెడితే అదే 5,000, అదే రాబడి, పదేళ్లకు చేతికొచ్చేది పది లక్షల చిల్లర. 30 లక్షలే కావాలంటే నెలకు 14,600 పైన వేయాలి. 10 శాతానికి ఎవరూ హామీ ఇవ్వరు, లెక్క కోసం తీసుకున్నాను. కానీ పోయిన ఎనిమిదేళ్ల విలువ ఎంతో ఇందులో కనబడుతుంది.

ఇక సుకన్య సమృద్ధి. 2015 జనవరిలో మొదలైన పథకం, చాలా మంచి పథకం. అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. పదేళ్లలోపు ఆడపిల్ల పేరున తల్లో, తండ్రో, చట్టబద్ధ సంరక్షకులో తెరవాలి. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర. వడ్డీరేటు ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2024 జనవరిలో దాన్ని 8.2 శాతం చేశారు. ఆ వడ్డీకి పన్ను లేదు.

ఎక్కువమంది పొరబడేది ఎక్కడంటే, అమ్మాయికి 21 నిండగానే ఖాతా మెచ్యూర్ అవుతుందనుకుంటారు. కాదండీ, ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. కట్టాల్సింది మొదటి 15 ఏళ్లే. పాపకు ఏడాది వయసులో తెరిస్తే ఆమెకు 22 ఏళ్లప్పుడు చేతికొస్తుంది. తొమ్మిదేళ్లప్పుడు తెరిస్తే 30 ఏళ్లప్పుడు. ఇంటర్ అయ్యాక సీటు వచ్చేది 17, 18 ఏళ్లకు కదా! ఆ మధ్యలో చదువు కోసం తీసుకోగలిగింది అంతకు ముందటి ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం మాత్రమే. అదీ పదో తరగతి పాసయ్యాకో, 18 నిండాకో, ఏది ముందైతే అప్పటి నుంచి. అడ్మిషన్ కాగితమో, ఫీజు స్లిప్పో చూపించాలి. అందులో ఉన్న ఫీజుకు మించి ఇవ్వరు. కాబట్టి డిగ్రీ ఫీజు లెక్కలో సుకన్య నిల్వ మొత్తాన్ని రాసుకోకండి, సగమే రాసుకోండి. మిగతా సగం పీజీకో, ఆమె సొంత కాళ్ల మీద నిలబడటానికో పనికొస్తుంది.

ఇంకొకటి, డబ్బు కట్టే రోజు. ప్రతి నెలా 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీద ఆ నెల వడ్డీ లెక్కగడతారు. లక్షన్నర ఏప్రిల్ 5లోపు పడితే, 8.2 శాతం మీద ఆ ఏడాది వడ్డీ 12,300. ఏప్రిల్ 6న పడితే ఒక నెల వడ్డీ, అంటే 1,025 రూపాయలు పోయినట్టే. పన్ను మినహాయింపు గుర్తొచ్చి మార్చి 31న పరుగెత్తి కడితే ఆ ఏడాదికి దాని మీద వడ్డీ సున్నా. ఏటా ఏప్రిల్ మొదటి వారంలో 12,000 కట్టినా, రేటు 8.2 దగ్గరే ఉంటే 21 ఏళ్లకు సుమారు 5 లక్షల 74 వేలవుతుంది. ఒక ఏడాది కట్టడం మరిచిపోతే ఆ ఏడాది కనీస మొత్తంతో పాటు 50 రూపాయల జరిమానా కట్టి ఖాతాను బతికించుకోవచ్చు. మనవరాలి మీద ప్రేమతో తాతగారు గార్డియన్‌గా సంతకం చేసి తెరిచిన ఖాతాలు ఏవైనా ఉంటే, ఆలస్యం చేయకుండా గార్డియన్‌గా తల్లిదండ్రుల పేరు మార్పించండి. కోర్టు నియమిస్తే తప్ప తాతయ్య, నానమ్మ ఇందులో గార్డియన్లు కాలేరు.

అబ్బాయిలున్నవాళ్లకు పీపీఎఫ్, అంటే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఉంది. మీ ఖాతాకూ, మీరు గార్డియన్‌గా ఉన్న పిల్లాడి ఖాతాకూ కలిపి ఏడాదికి లక్షన్నరే పరిమితి. దానికి మించి వేసినదానికి వడ్డీ రాదు.

పిల్లల పేరున ఎఫ్‌డీ వేస్తే పన్ను ఉండదని ఒక నమ్మకం ఉంది. మైనర్‌కు వచ్చే వడ్డీని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వాళ్ల ఆదాయంలో కలుపుతారు. పాత పన్ను విధానంలో ఉంటే బిడ్డకు 1,500 రూపాయల మినహాయింపు, అంతే.

స్థలం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బాబు పేరున ప్లాటు రిజిస్టర్ చేయించి, ఇంజినీరింగ్‌లో చేరేటప్పుడు అమ్ముదామనుకుంటారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం మైనర్ స్థిరాస్తిని తండ్రి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అమ్మితే, పిల్లాడు మేజరయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయొచ్చు. ఈ సంగతి తెలిసిన కొనుగోలుదారుడు అడ్వాన్సు ఇవ్వడానికే జంకుతాడు. కోర్టులో పిటిషన్ వేసి, బిడ్డ అవసరం నిరూపించి, ఆర్డరు తెచ్చుకునేసరికి కౌన్సెలింగ్ ముగిసిపోతుంది. చదువు కోసమే కొంటున్న స్థలమైతే మీ పేరునే కొనండి.

పిల్లల పాలసీల దగ్గర ఒక్క లెక్క చేసి చూపిస్తాను. ఏడాదికి 50,000 చొప్పున 15 ఏళ్లు కట్టండి, 20వ ఏట 15 లక్షలిస్తాం అన్నారనుకోండి. ఏడున్నర లక్షలకు రెట్టింపు అని సంబరపడతాం. కానీ మొదటి వాయిదా 20 ఏళ్లు, చివరి వాయిదా ఆరేళ్లు వాళ్ల దగ్గరుంటుంది. ఆ కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే రాబడి ఏటా 5.3 శాతం దగ్గర ఆగుతుంది. 8 శాతం పెరిగే ఫీజును 5.3 శాతం పెరిగే డబ్బు ఎప్పటికీ అందుకోలేదు. సంతకం పెట్టే ముందు ఏజెంటును "మొత్తం ఎంతొస్తుంది" అని కాక "ఏటా ఎంత శాతం పడుతుంది" అని అడగండి.

నిజంగా కావాల్సిన బీమా బిడ్డ మీద కాదు, సంపాదించేవాళ్ల మీద. టర్మ్ పాలసీ, అంటే ఆ గడువులో మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే బీమా తీసుకోండి. అప్పులున్న వ్యాపారం చేసే భర్త తన మీద తీసుకునే పాలసీని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటే, ఆ సొమ్ము భార్యాపిల్లల కోసం ట్రస్టుగా ఉంటుంది, అప్పులవాళ్లు జప్తు చేసుకోలేరు. అయితే పాలసీ తీసుకునేటప్పుడే ఈ ఫారం నింపాలి, తర్వాత కుదరదు. నామినీగా మైనర్ పేరు రాస్తే పక్కన అపాయింటీ, అంటే బిడ్డ తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా రాయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే క్లెయిమ్ డబ్బు ఎవరి చేతికివ్వాలన్న చిక్కు మొదలవుతుంది.

పదేళ్లకు పైగా సమయముంటే కొంత డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో, సిప్‌గా, అంటే నెలనెలా కొంత చొప్పున వేయమంటాను. మార్కెట్ అంటే ఉండే భయం అర్థం చేసుకోదగ్గదే. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ 2009 మార్చిలో 8,000 చిల్లరకు పడింది. ఆ జూన్‌లో ఫీజు కట్టాల్సిన ఇంటికి అది పెద్ద దెబ్బ. అందుకని పిల్లలు తొమ్మిదో తరగతి పూర్తి చేసేసరికి మార్కెట్ నుంచి బయటికి రావడం మొదలుపెట్టండి. మొదటి ఏడాది మూడో వంతు, రెండో ఏడాది మిగిలినదాంట్లో సగం, మూడో ఏడాది మొత్తం ఎఫ్‌డీకి మార్చండి. మార్కెట్ బాగుంది కదా, ఇంకో ఆర్నెల్లు చూద్దాం అనకండి.

ఈ సిప్ ఎవరి పేరున? నా సలహా మీ పేరునే, బిడ్డ కోసమని వేరే ఫోలియో (ఫండ్ ఖాతా) పెట్టి. బిడ్డ పేరున ఉంటే మనం ముట్టుకోమనేవాళ్లున్నారు. ఆ క్రమశిక్షణకు విలువ ఉంది, కాదనను. అలా పెట్టేవాళ్లు మాత్రం రెండు సంగతులు గుర్తుంచుకోండి. అమ్మినప్పుడు డబ్బు మైనర్ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. 18 నిండగానే సిప్ ఆగిపోతుంది, కాగితాలు మార్చేదాకా అమ్మడమూ కుదరదు. మైనర్ పాన్ కార్డు మీద ఫొటో, సంతకం ఉండవు కాబట్టి ముందు దాన్ని మార్పించాలి, తర్వాత కేవైసీ, తర్వాత బ్యాంకు ఖాతాను మేజర్‌గా మార్పించి, బ్యాంకువాళ్లు ధ్రువీకరించిన సంతకంతో ఫండ్ సంస్థకు దరఖాస్తు పెట్టాలి. సాధారణంగా ఇవన్నీ అడ్మిషన్ల హడావుడిలోనే వచ్చి పడతాయి. కావాల్సిన కాగితాలన్నీ పుట్టినరోజుకు రెండు నెలల ముందే సిద్ధం చేసుకోండి, 18 నిండిన వారంలోనే దరఖాస్తులు పెట్టేయండి. ఆ వారంలోనే సుకన్య పాస్‌బుక్ కూడా తీసుకుని అమ్మాయిని వెంటబెట్టుకు వెళ్లండి. అప్పటి నుంచి ఆ ఖాతాకు సంతకం ఆమెదే.